రెప్పల అంచున ఆరిన నూనె

2006 ఎండాకాలం. భద్రాచలం దాటి అడవి మొదలయ్యే దారిలో ఉన్న ఒక చిన్న కంటి ఆసుపత్రిలో నేను ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్‌ని. అంటే డాక్టరుగారి కంటే ముందు రోగిని కూర్చోబెట్టి, చూపు పరీక్షించి, కన్నంతా చూసి రాసిపెట్టే మనిషిని. అడవిలోని కోయగూడేల వాళ్లూ, గోదావరి దాటి కొత్తగూడెం వైపు వాళ్లూ వచ్చేవారు. అందరికీ నేను కండ్ల మేడమ్‌ని. ఆ కండ్ల మేడమ్ గదిలో లైటు ఆర్పాక కూడా రంగు కళ్లద్దాలు తీసేది కాదు.

అంతకు రెండేళ్ల ముందు నా ఎడమ కంటి రెప్ప లోపల గులాబీ రంగు కండ ఒకటి మొలిచింది. హైదరాబాదులో చిన్న ముక్క తీసి పరీక్షించి లింఫోమా అన్నారు. క్యాన్సరే గానీ నెమ్మది రకం, రేడియేషన్‌కు లొంగే రకం. కొన్ని వారాలు అక్కడే ఉండి రేడియేషన్ తీసుకున్నాను. గడ్డ కరిగిపోయింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని డ్యూటీలో చేరాను. అసలు కథ ఆ తర్వాత కొన్ని నెలలకు మొదలైంది.

మన రెప్పల అంచున, వెంట్రుకల వెనకగా, వరుసలో సన్నని నూనె గ్రంథులుంటాయి. మెయిబోమియన్ గ్లాండ్స్ అంటారు. రెప్ప వేసినప్పుడల్లా అవి కాస్త నూనె వదులుతాయి. ఆ నూనె పొర పైన ఉంటేనే కన్నీరు ఆరిపోకుండా కంటిమీద నిలుస్తుంది. రేడియేషన్ గడ్డతో పాటు ఈ గ్రంథులను కూడా ఎండగొట్టవచ్చు. ఎండినవి మళ్లీ కోలుకోవడం కష్టం. నూనె లేక కన్ను పొడిబారి మండుతుంది, ఆ మంటకు నీళ్లు కారతాయి. పొడిబారిన కన్ను ధారగా కారడమేమిటని మీకు వింతగా ఉండవచ్చు, కానీ జరిగేది అదే. నాకు రెప్ప అంచు ఎర్రబడి, వెంట్రుకలు చాలావరకు రాలిపోయి, తెల్లవారేసరికి పుసి కట్టేది.

ఊరందరి కళ్లు చూసే మనిషికి ఈ కన్ను! సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒక ముసలాయన నా ఎదురుగా కూర్చుని, నన్ను ఎగాదిగా చూసి, "నీ కన్నే మంచిగ లేదు, నాకేం జూస్తవ్ బిడ్డా?" అన్నాడు. ఆ వారమే రంగు అద్దాలు కొనుక్కున్నాను. ఎవరడిగినా ఎండ, దుమ్ము పడవని చెప్పేదాన్ని. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. చర్చిలో ఆడవాళ్లు, "ప్రార్థనలో కూసుంటే ఎస్తేరమ్మకు కన్నీళ్లు ఆగవు, ఎంత భక్తి" అని చెప్పుకునేవారు. నేను కాదనలేదు. తలొంచుకుని ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఆ రోజుల్లోనే సమ్మక్క వచ్చింది. నలభై దాటిన కోయ మనిషి. తునికాకు, ఇప్పపువ్వు ఏరి బతికే కుటుంబం. ఆమె కింది రెప్ప లాగి చూశాను. అదే గులాబీ రంగు కండ. ఇంత అరుదైన జబ్బు నా కుర్చీకి ఎదురుగా వచ్చి కూర్చుంది. హైదరాబాదు పంపితే ముక్క పరీక్షలో లింఫోమా అనే తేలింది. రేడియేషన్‌కు రమ్మన్నారు. ఆమె మాత్రం తిరిగొచ్చేసి, ఇక పోనంది. రేడియేషన్‌ను మావైపు కరెంటు పెట్టడం అంటారు. ఎవరో ఆమెకు కరెంటు పెడితే కన్ను కాలిపోతుందని చెప్పారట.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "ఎస్తేరమ్మా, నేను ఎంత చెప్పినా వినట్లేదు. నీకు జరిగింది చెప్పు, వింటుంది."

"నా సంగతి వద్దు సార్, వేరేగా నచ్చజెబుతాను," అన్నాను.

సమ్మక్కను, ఆమె భర్త ముత్తయ్యను లైటు ఆర్పి ఉన్న నా గదిలో కూర్చోబెట్టాను. "కరెంటు పెడితే ఏం గాదు సమ్మక్కా. గడ్డ పోతది, అంతే," అన్నాను.

ఆమె నా ముఖం వైపే చూస్తోంది. "ఏం గాదా? మరి గీ చీకట్ల నీకు అద్దాలెందుకు మేడమ్?"

"ఎండ పడదు."

"గీడ ఎండ యాడుంది? నీళ్లు గారుతున్నయ్ గద అద్దాల కిందికెల్లి."

నేను అద్దాల కింద చెంప తుడుచుకున్నాను. ముత్తయ్య లేచాడు. "మేడమ్ ఏందో దాస్తాంది. పా పోదాం." ఇద్దరూ బయటికి నడిచి, వరండాలో ఆటో కోసం నిలబడ్డారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గడ్డను వదిలేస్తే కంటి వెనక్కి, ఆపైన ఒంట్లోకి కూడా పాకవచ్చని ఆ వరండాలో ఉన్నవాళ్లకు తెలియదు, నాకు తెలుసు. నా కన్ను దాచుకోవడం కోసం ఆమె ప్రాణం మీదికి తెస్తున్నాను. ఏ ముఖం పెట్టుకుని పిలవాలో తెలియకుండానే గుమ్మంలోకి వెళ్లి పిలిచాను.

"సమ్మక్కా, ఒక్కసారి లోపలికి రా. ఈసారి నువ్వు నన్ను చూడు."

కంటిని పెద్దది చేసి చూపే యంత్రాన్ని స్లిట్ ల్యాంప్ అంటారు. ఒకవైపు రోగి గడ్డం ఆనిస్తే, రెండోవైపు నుంచి మేము చూస్తాం. సమ్మక్కను నా స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దాలు తీసి, రోగి వైపు నేను గడ్డం ఆనించాను. పిడి ఎలా తిప్పాలో చెప్పాను. కాసేపు అటూ ఇటూ తిప్పి, "అగో, గనపడ్డది," అంది.

ముందు బాగున్న కుడి కంటి రెప్పను వేలితో నొక్కాను. "ఏం కనపడతాంది?"

"సన్నగ నూనె బొట్లొస్తున్నయ్."

ఎడమ రెప్ప నొక్కాను. ఆమె చాలాసేపు చూసింది. "దీంట్ల ఏం రాట్లేదు."

"రాదు. కరెంటుకు ఎండిపోయినయ్. గడ్డ మాత్రం పోయింది, లోపల వెతికి చూడు."

రెప్ప కిందికి లాగి పట్టుకున్నాను. వెతికింది. లేదంది. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. మంటా? అవ్, మంట. పొయ్యికాడ పొగ పడతదా? పడదు. మందు ఎన్ని దినాలు? ఎప్పటికీ. పొద్దున, రాత్రి వేడి గుడ్డతో కాపడం, మధ్యలో చుక్కల మందు. ఒక్క జవాబు కూడా ఆమెకు నచ్చేది కాదు. అయినా అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను.

చివరికి యంత్రం పక్కనుంచి తల బయటికి పెట్టి అడిగింది. "సిగ్గయితదా మేడమ్?"

"అవ్, బాగా అయితది."

ఆమె ముత్తయ్య వైపు తిరిగింది. "కండ్లు కాలిపోలే. గంతే గద. హైదరాబాదు పోదాం."

వెళ్లింది. చికిత్స పూర్తి చేసుకుంది. గడ్డ పోయింది. మరుసటి ఏడు ఆమె మా హాల్లో బెంచీ మీద కనపడినప్పుడు కన్ను ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి. ఆమె రెప్పల్లోనూ నూనె ఆరిపోయిందని దూరం నుంచే అర్థమై, గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఇంతలో పక్కనున్న ఒకావిడ కండ్లకలక అనుకుని తన పిల్లను దూరంగా లాక్కుంది.

సమ్మక్క హాలంతా వినపడేలా అంది. "అంటుకునేది గాదమ్మా. గడ్డ పోయిన కన్నిది. గా మేడమ్‌ది గూడ గిట్లనే ఉంటది, అడుగు."

హాలు హాలంతా నావైపు తిరిగింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అయినా వెళ్లి ఆమె పక్కన కూర్చుని, "బాగా మండుతాందా?" అని అడిగాను.

"మండుతది," అంది మామూలుగా. "నువ్వు చెప్పినవ్ గద. అందుకే భయం గాలే."

ఆ తర్వాత కంటికి రేడియేషన్ అవసరమైన వాళ్లు ఎవరొచ్చినా ఈ నూనె గ్రంథుల సంగతి ముందే చెబుతూ వచ్చాను. ఏం కాదు అనే మాట మానేశాను. చెప్పేముందు నా కన్ను చూపిస్తాను. సిగ్గు పోయిందా అంటే పోలేదు, ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కానీ సమ్మక్కను ఆటో ఎక్కనిచ్చి ఉంటే పడాల్సిన సిగ్గు ముందు ఇదెంత?