కుంకుమ బొట్టుకు కలిపిన బెల్టు

ఇంజన్ విషయంలో ‘అందాజు’ అనే మాటను నేను సహించను. వనపర్తిలో మా వీధి చివరి మెకానిక్ ఆ మాట మీదే బతికేవాడు. అందుకే 2006 దసరాకు ముందు నా పాత పెట్రోలు కారు టైమింగ్ బెల్టును స్వయంగా మార్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆ బెల్టు, కింద ఉన్న క్రాంకు చక్రాన్నీ, పైన వాల్వులను నడిపే క్యామ్ చక్రాన్నీ ఒకే లయలో తిప్పుతుంది. ఆ పొత్తు కొన్ని పళ్లు తప్పితే చాలు, నా కారు ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చి తెరుచుకున్న వాల్వును గుద్దుతుంది. వాల్వు వంగితే ఇంజన్ మొత్తం విప్పించాలి. ఆ ఏడాది నా లెక్కల్లో అంత ఖర్చుకు చోటు లేదు. వంగిందంటే కారు పోయినట్టే.

పండుగకు గద్వాల నుంచి అక్కా బావా వచ్చారు. బావకు ట్రాక్టరు ఉంది. ట్రాక్టరు ఉన్నవాడికి తెలియని ఇంజన్ లోకంలో ఉండదని ఆయన నమ్మకం.

దసరా ఉదయానికి పాత బెల్టు విప్పి, రెండు చక్రాల గుర్తులనూ సరిచూసి పెట్టాను. క్యామ్ చక్రం గుర్తు చిన్న గుంట, ఇంజన్ మీది గాటుకు ఎదురుగా నిలవాలి. అది కనబడేందుకు దాని పక్కన సన్నగా తెల్లరంగు గీత గీశాను. కొత్త బెల్టు ఎక్కించేలోగా ఆయుధపూజ వేళయింది. ఇనుము మీద నిలవాలని మా ఇంట్లో కుంకుమను నూనెలో తడుపుతారు. అక్క పానలకు, జాకీకి, స్టీరింగుకు బొట్లు పెట్టి, విప్పి ఉన్న క్యామ్ చక్రానికీ ఒకటి పెట్టింది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టరాదు. నేను చేతులు కడుక్కుని పని ఆపాను.

బావ ఆపలేదు. సాయంత్రం నేను జమ్మి ఆకు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి, కారు ముందు సీట్లో కూర్చుని తాళం పెట్టి ఉన్నాడు. బెల్టు బిగించి ఉంది.

"అయిపోయింది బామ్మర్దీ! రెండు దినాల నుంచి గోకుతున్నవు. నేను అర్ధగంటల బిగించిన."

"నిన్ను ఎవరు ముట్టుకోమన్నరు బావా?"

"నీ అసొంటోని బండిల రేపు శ్రీరంగాపూర్ గుడికి పోవాలంటె ఎవరన్న ముట్టాలె గద!"

వంగి చూశాను. ఇంజన్ మీది గాటుకు ఎదురుగా నూనె కుంకుమ బొట్టు మెరుస్తోంది. నా తెల్లగీత కొన్ని పళ్ల దూరంలో పక్కకు తిరిగి ఉంది.

"దేనికి కలిపినవు?"

"నువ్వు పెట్టిన గుర్తుకే. ఎర్రగ కండ్లకు కొడుతలేదా?"

"అది అక్క పెట్టిన బొట్టు."

ఆయన ముఖం ఒక్క క్షణం మాడింది. మరుక్షణమే గొంతు పెరిగింది. "అయితేంది? జర అటీటు ఉంటె బండి నడ్వదా? తాళం తిప్పుత, చూడు!"

ఆయన చేతిని పక్కకు తోసి తాళం లాక్కున్నాను. పెద్దవారికి జమ్మి ఇచ్చి ఆలింగనం చేసుకోవలసిన పండుగ అది. ఆకు ఇవ్వలేదు. ఇంజన్ తేలికగా తిరగాలని స్పార్కు ప్లగ్గులు విప్పి, క్రాంకు బోల్టుకు పాన తగిలించి చేత్తో మెల్లగా తిప్పాను. కొంతదూరం తిరిగి ఆగింది. ఇనుము ఇనుమును తాకిన ఆగుడు అది.

"తగిలింది. తాళం తిప్పి ఉంటే వాల్వులు వంగేవి."

"బిగుసుకపోయింది అంతే. పైపు తొడిగి గుంజు, ఎట్ల తిరగదో నేను చూస్త!" పైపు తెచ్చి పానకు తొడగబోయాడు. ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టాను. వెనక ఉన్న గోడకు తగిలి నిలబడ్డాడు.

అక్క గడపలోకి వచ్చింది. "పండుగ పూట గిట్ల కొట్టుకుంటరా? నలుగురు నవ్వరా?"

"చూడు నీ తమ్ముణ్ణి! వానికి బండే ముఖ్యం, నేను గాదు. అసలు ఆ బొట్టు పెట్టింది నువ్వు గాదా?"

చేసింది తాను, తప్పు భార్యది.

"అవును బావా," అన్నాను. "నాకు బండే ముఖ్యం."

ఆ మాటతో ఆయన సంచి సర్దుకున్నాడు. అక్క బతిమాలినా వినలేదు. ఆటో ఎక్కేముందు ఆమె నా దగ్గరికి వచ్చింది. "నేను ఆ చక్రానికి బొట్టు పెట్టకపోతె అయిపోతుండె గద తమ్మీ?" నీ తప్పు లేదని చెప్పవలసింది. కానీ బావ వింటున్నాడు. ఆయన ముందు నా గొంతు మెత్తబడటం నాకు ఇష్టం లేకపోయింది.

పాన పట్టినప్పుడే ముట్టరాదన్న నియమాన్ని నేనూ దాటాను; వాళ్లు వెళ్లాక మిగతా పనికీ దిగాను. క్రాంకును దాని గుర్తు దాకా వెనక్కి తిప్పి, బెల్టు వదులు చేసి, తెల్లగీతను గాటుకు ఎదురుగా తెచ్చి మళ్లీ ఎక్కించాను. క్రాంకును చేత్తోనే రెండు నిండు చుట్లు తిప్పాను. ఎక్కడా తగల్లేదు. రెండు గుర్తులూ తిరిగి తమ చోటికి వచ్చాయి. ప్లగ్గులు బిగించి తాళం తిప్పితే మొదటిసారికే ఇంజన్ అందుకుంది.

మరుసటి దసరాకు మా ఆవిడ, మీ బావకు క్షమించమని ఒక్క మాట చెప్పి పిలవరాదా అంది. చెప్పవలసినవాడు ఆయన. ఆ కారులో నాగర్‌కర్నూల్‌కు ఎన్నోసార్లు వెళ్లాను గానీ గద్వాల వైపు తిప్పలేదు. అక్క మాత్రం వస్తుంది, బస్సులో, ఒక్కతే.