ఎండకు పట్టిన రెండు ఫిలిములు

అది ఫాల్గుణ మాసంలో ఒక శనివారం, మధ్యాహ్నం రెండున్నర. కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నేనూ మా తోడికోడలూ నందిగామలో ఎక్స్‌రేలు తీయించుకుని అప్పుడే బస్సు దిగి ఇంటికొచ్చాం. నాకు మోకాళ్లు. ఆమెకు మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే.

వసారాలో ఇంటిల్లిపాదీ ఉన్నారు. నేను రెండు ఫిలిములూ ఎండకు ఎత్తి పట్టాను. నాదాంట్లో ఎముకా ఎముకా ఆనుకుపోయి మధ్యలో సందే లేదు. ఆమెదాంట్లో అంతా శుభ్రంగా ఉంది.

"నొప్పంటే ఇదీ. నీదాంట్లో ఏముందే? ఏం లేదు" అన్నాను.

అందరూ నవ్వారు. "మిరపకోతలప్పుడే వచ్చుద్ది వదినా ఆ జబ్బు" అని ఆమె మొగుడే అన్నాడు, అంటే మా మరిది. మర్నాటినుంచి ఆమె నొప్పి మాట ఎత్తలేదు. తొమ్మిదేళ్లు కోతలకు వెళ్లింది. మధ్యలో ఒకసారి సూర్యగ్రహణం వస్తే ఆమె ఫిలిమే ముక్కలు కోసి తలా ఒకటి పట్టుకుని చూశాం. ఏమీ లేనిదే కదా అని. నాది మాత్రం బీరువాలో దాచుకున్నాను.

పోయిన ఏడు ఆమె కళ్లంలో కూలబడింది. అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని కాబట్టి, చీటీలు చదువుతానని జగ్గయ్యపేట డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఎక్కడ నొప్పని ఆవిడ అడిగింది. మా తోడికోడలు ముందు నా మొహం చూసింది.

"ఏం లేదండి" అంది.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది. తెర పలచన. అన్నీ వినపడ్డాయి. నిద్ర పట్టదట. పట్టినా, లేచేసరికి రోట్లో వేసి దంచినట్టు ఉంటుందట. జాకెట్టు రాసుకున్నా మంటేనట. పొయ్యి మీద ఏం పెట్టిందో మర్చిపోతుందట. ఒకే ఇంట్లో ఉంటూ ఇందులో ఒక్కటీ నాకు తెలియదు.

తర్వాత నన్ను పిలిచి, నా మోకాళ్ల సంగతీ అడిగి చెప్పింది. నా మోకాళ్లది కీళ్ల అరుగుదల. నడిస్తే నొప్పి, కూర్చుంటే సర్దుకుంటుంది, ఫిలిములో కనపడుతుంది. ఆమెది ఫైబ్రోమయాల్జియా. కీళ్లు బాగానే ఉంటాయి, నొప్పీ నిజమే. "ఎక్స్‌రేలో పడదండి ఇది. మనిషిని అడిగి, చెప్పింది నమ్మాలి" అంది. ఆ పేరు తెలుగులో రాయించుకుని కూడబలుక్కుని చదివాను.

ఇప్పుడు మందులు వాడుతోంది. వద్దన్నా వినకుండా నా మోకాళ్లకు నూనె రాస్తుంది. రాస్తూ రాస్తూ ఆగి తన భుజం పట్టుకుంటుంది. ఎక్కడ నొప్పే అని రోజూ అడుగుతాను.

"ఏం లేదక్కా."

అది నా మాటే. నా గొంతుతోనే వస్తుంది.

ఆ శనివారం వసారాలో ఉన్నవాళ్లు: మా అత్తగారు, ఇప్పుడు లేదు. మా ఆయన, ఇప్పుడు లేడు. మా మరిది. నా పెద్దకొడుకు. పక్కింటి వదిన. ఎండకు చేతులెత్తి నిలబడ్డ నేను. గుమ్మం దగ్గర, ఇంకా చెప్పులైనా విప్పని ఆమె.