సున్నం కాల్చే చిన్నమ్మలు, చచ్చిన మందు

“సచ్చిపోనాదంతన్నాను గదా! ఎన్నిసార్లు సెప్పాల నీకు?”

“ఎవరే చచ్చింది? పొద్దున్నే ఏం మాటలే అవి?”

“మనిసి కాదు బాబూ, మందు! గెడ్డ ఊటలో నువ్వు కలిపించిన తెల్ల మందు సచ్చినాది. సచ్చిన మందు పోసి ఊరందరి సేతా నీరు తాగించినావు.”

“మందు చావడమేంటే ముసలీ? దానికేమన్నా ప్రాణముందా, పాడుందా? రాత్రి కల్లు దిగినట్టు లేదు. పోయి పడుకో.”

“కల్లు నాను తాగినాను గానీ నా ముక్కు తాగలేదు. రా, నువ్వే వాసన సూడు. రావేటి? బయమా?”

నేను గోదాములో బియ్యం బస్తాల చాటున కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. తడిక గోడ అవతల జరిగేదంతా వినిపిస్తోంది. తిడుతున్నది ఈతపుట్టు ఊరి చిన్నమ్మలు. తిట్లు తింటున్నవాడు రోడ్డు కాంట్రాక్టరు వీరభద్రరావు, నాకు జీతమిచ్చేవాడు. న్యాయంగా చూస్తే ఆ తిట్లలో సగం నావి. తరవాత ఎవరూ నన్ను మంచివాడనుకోకుండా ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

చిన్నమ్మలు కొండదొరల తెగ మనిషి. యాభై దాటి ఉంటాయి. మొగుణ్ణి కొండల్లో ఫితూరీ, అంటే తిరుగుబాటు, జరిగిన ఏళ్లలో పోలీసుల మూటలు మొయ్యడానికి వెట్టికి పట్టుకుపోయారు. మూటలు తిరిగొచ్చాయి, మనిషి రాలేదు. అడగడానికి వెళితే ఠాణాలో “నీ మొగుడు పారిపోయాడు” అన్నారట. “మూటలు మోసి నడవనేని మనిసి పారిపోతాడేటి?” అని అక్కడే అడిగిందట. గెంటేశారు. ఒక్కగానొక్క కూతురు కనకని సున్నం కాల్చి పెంచింది.

ఆ పని నేను చూశాను. బొర్రా వైపు గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, దొరికే తెల్లరాయిని తల్లీకూతుళ్లు గంపల్లో మోసుకొస్తారు. గోతిలో ఒక వరస కట్టెలు, ఒక వరస రాళ్లు పేర్చి కాలుస్తారు. రాయి కాలి తేలికయ్యాక, పూర్తిగా చల్లారకముందే కుండల్లో నింపి, అడ్డాకు కప్పి, మూతికి మట్టి మెత్తుతారు. గాలి తగలకూడదు. సంతలో ఎవరైనా బేరమాడితే చిన్నమ్మలు ఓ ముక్క బయటికి తీసి నీళ్లు చిలకరిస్తుంది. సుర్రుమని పొగలెత్తి పగిలిపోతే అది బతికిన సున్నం. తడిసి ఊరికే కూర్చుంటే చచ్చిన సున్నం. కుండకి బీట పడి లోపలి సున్నం చచ్చిపోతే చిన్నమ్మలు దాన్ని అమ్మదు, సంత దారిలోనే పారబోస్తుంది.

కాల్చిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుందని నేను కాలేజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేసి కొండెక్కాను. మార్కులు నాతో వచ్చాయి గానీ చదువు రాలేదని ఆ ఏడు తెలిసింది.

అది పంతొమ్మిది వందల ఇరవయ్యేడో సంవత్సరం వానాకాలం. మైదానం నుంచి పైకెక్కిన కూలీలతో పాటు కలరా వచ్చింది. రోడ్డుకి దగ్గరని వీరభద్రరావు కూలీల పాకలు సరిగ్గా గెడ్డ ఊటకి పైన, ఏటవాలులో వేయించాడు. చిన్నమ్మలు మొదటి రోజే వచ్చి “తాగే నీటి నెత్తిమీద దొడ్డికెల్తారేటి?” అని అడిగింది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

కలరా దేవత కోపం కాదు, గాలి కాదు, చేతబడి కాదు. రోగి విరేచనంలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. కాలేజీలో సూక్ష్మదర్శిని కింద వాటిని చూశాను. కామా గుర్తులాగా వంకరగా ఉంటాయి. వాన వాటిని కడిగి ఊటలోకి దించుతుంది. ఊట నుంచి కుండలోకి, కుండ నుంచి నోట్లోకి వస్తాయి. నీళ్లు తెర్లితే చస్తాయి. ఇంతే సంగతి. ఇది చెప్పి ఈతపుట్టులో ఇంటింటా నీళ్లు కాయించాను. కట్టెలన్నీ తడి. ఆడవాళ్లు పొగలో కళ్లు మంటెత్తి నన్ను బూతులు తిడుతూనే కాచారు. పైన పాకల్లో పన్నెండు మంది పోయారు. ఊళ్లో నీళ్లు కాచిన ఆ పది రోజులూ ఒక్కరికి రాలేదు.

మధ్యలో బ్లీచింగ్ పౌడరు డబ్బా వచ్చింది. అది సున్నానికి క్లోరిన్ అనే ఘాటు వాయువు పట్టించిన పొడి. పురుగుల్ని చంపే బలం ఆ వాయువుది. అది ఎగిరిపోతే మిగిలేది పనికిరాని సున్నమే. డబ్బాని గోదాములో పెట్టాం. సీలు తీసి చూసిన దగ్గర్నుంచీ బియ్యానికి కంపు పట్టిందని కూలీలు గొడవ చేశారు. “మూత తీసి వసారాలో పెట్టించవోయ్, కంపు పోయాక వాడదాం” అన్నాడు వీరభద్రరావు. కిరసనాయిలు డబ్బాని ఎండలో పెట్టి వాసన పోగొట్టినట్టు! ఆ మూత తీసింది నేను. ఎనిమిది రోజులు కొండ మంచులో, తడి గాలిలో అది నోరు తెరుచుకుని ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచాను. రోజురోజుకీ వాసన తగ్గుతుంటే హాయిగా ఉందనుకున్నాను.

తరవాత ఆ పొడి ఊటలో కలిపించాం. నేను గట్టు మీద నిలబడి “ఇక నీళ్లు మంచివి, కాచుకోనక్కర్లేదు” అని ఊరందరికీ చెప్పాను. పొయ్యిలన్నీ ఆరిపోయాయి. అందరూ సంతోషించారు, కనక కూడా.

నాలుగో రోజు పొద్దున్న జరిగిన గొడవే పైన చెప్పింది. నేను ఉత్తరం పక్కన పడేసి బయటికొచ్చాను. చిన్నమ్మలు డబ్బా అడుగున అంటుకున్న పొడిని వేలితో గీకి, నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేసింది.

“చిన్నమ్మలూ, ఇది నీ సున్నం కాదు, సర్కారు మందు. డబ్బా మీద అచ్చేసి ఉంది చూడు” అన్నాను.

“డబ్బా మీద అచ్చు బతికే ఉంది బాబూ. లోపల పొడే సచ్చినాది.”

నాకు మండింది. రుజువు చేసి ఈవిడ నోరు మూయిద్దామనుకున్నాను. చింతపండు పులుసులో ఓ ఎర్రగుడ్డ తడిపి ఆ పొడి మీద అద్దాను. మందులో బలముంటే పులుపు తగలగానే క్లోరిన్ లేచి గుడ్డ తెల్లబారాలి. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. గుడ్డ ఎర్రగానే ఉంది. ఇంకాస్త పొడి వేశాను. ఎర్రగానే ఉంది.

“నా ముక్కు సాలదేటి, నీకు గుడ్డ కూడా కావాలా?” అంది. నవ్వలేదు.

“ఇప్పుడే దండోరా వేయిద్దాం. మళ్లీ నీళ్లు కాచుకోవాలి. పాకలు కిందికి మార్చాలి” అన్నాను వీరభద్రరావుతో.

ఆయన నన్ను పక్కకి లాగాడు. “మతుందా నీకు? మందు పనిచేయదని తెలిస్తే ఉన్న కూలీలు ఈ రాత్రికే దిగిపోతారు. శుక్రవారం దొరగారు రోడ్డు చూడ్డానికి వస్తున్నారు. నాలుగు రోజులు నోరు మూసుకో. కొత్త డబ్బా తెప్పిస్తాను.”

“నాలుగు రోజుల్లో ఎందరు తాగుతారు?”

“అడవి మనుషులోయ్, వాళ్లకేం కాదు. రాళ్లు తిని అరిగించుకుంటారు.”

ఆ మాట ఆయన మెల్లగానే అన్నాడు. చిన్నమ్మలుకి వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి ఊళ్లోకి పరిగెత్తింది. నేను ఆమె వెనకాలే వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఉద్యోగం గురించి ఒక పూటంతా ఆలోచించాను.

ఆమె వెళ్లేసరికే కనకకి వాంతులు మొదలయ్యాయి. సాయంత్రం నేను వెళ్లేసరికి మనిషి ఎండిన దుంపలా ముడుచుకుపోయి ఉంది. ఈ రోగంలో నీళ్లివ్వకూడదని వీరభద్రరావు పైన పాకల్లో శాసనం పెట్టాడు. దాహం దాహమని అరుస్తూ ఎందరు పోయారో! చిన్నమ్మలు ఆ శాసనం వినలేదు. కాచిన నీళ్లతో సోడి, అంటే రాగి, అంబలి పల్చగా చేసి, ఉప్పేసి, గుక్క గుక్కా పోస్తూనే ఉంది. రోగం పీల్చేసేది ఒంట్లోని నీటినీ ఉప్పునే. ఏ పుస్తకం చదివి చేసిందావిడ? కానీ రోగం చాలా ముందుకి పోయింది. మర్నాడు మధ్యాహ్నం కనక పోయింది. అదే రోజు ఊళ్లో ఇంకో నలుగురు.

చిన్నమ్మలు సంతకని దాచిన కుండలన్నీ బయటికి తెచ్చింది. మట్టి పగలగొట్టి, కూతురు పడుకున్న చోట, వాంతి పడ్డ చోట, కూతుర్ని పూడ్చే గోతిలో బతికిన సున్నం గుమ్మరించింది. వాన తుంపరకి అది సుర్రుసుర్రుమని ఉడికింది. ఆ వేడికి, ఆ క్షారానికి ఏ పురుగూ బతకదు. మిగిలిన రెండు కుండలూ నెత్తినెట్టుకుని పైకెళ్లి కూలీల దొడ్డి మీద పోసొచ్చింది. వీరభద్రరావు మనుషులు అడ్డం రాబోయారు. ఆమె మొహం చూసి తప్పుకున్నారు.

ఆమె దిగొచ్చాక కనక గోతి దగ్గర నేను ఆమెతో చెప్పాను. “ఆ మూత తీసింది నేనే.”

నా చేతులకేసి చూసింది.

“కలెక్టరుకి అర్జీ రాస్తాను. వీరభద్రరావుని జైల్లో పెట్టిస్తాను. నేనే సాక్ష్యం చెబుతాను” అన్నాను.

“అర్జీ తరవాత రాద్దువు బాబూ. గెడ్డ ఇక్కడే ఆగిపోద్దేటి? కింద మూడూళ్లున్నాయి. ఆళ్లూ ఇదే నీరు ముంచుకుంతారు. మందు పడ్డాదని ఆళ్లకీ తెలిసుంతాది, కాయడం మానేసుంతారు. నానెల్లి సెప్తే, కూతురు పోయి ముసల్దానికి మతి పోనాదంతారు. నీకు సదువుంది, సొక్కా ఉంది. నీ మాట ఇంతారు. బేగి ఎల్లు. మందు సచ్చినాదని, నీరు కాసుకుని తాగమని సెప్పు. మూత నువ్వే తీసినావని కూడా సెప్పు. అది సెప్తేనే నమ్ముతారు.”