ఇంటివాళ్ల పిల్లవాడికి నేనిచ్చిన జ్ఞానస్నానం

పెళ్లయి శంషాబాదుకు కాపురానికి వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. మాది గుంటూరు వైపు, తాతల నాటి నుంచీ కతోలిక కుటుంబం. మా ఆయనకు రైల్వేలో గుమాస్తా పని. ఊళ్లో ఒక రైతు కుటుంబం తమ ఇంట్లోనే పక్క గది మాకు కిరాయికిచ్చింది. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపే వాళ్ల జొన్నచేలు ఉండేవి.

ఆ ఇంటి కోడలు నాకంటే ఏడాది చిన్నది. నన్ను అక్కా అనేది. ఆమెకు ఐదు నెలల కొడుకు. ఆమె చేనికి పోయిందంటే వాడు నా ఒళ్లోనే. నాకింకా పిల్లలు లేరు కాబట్టి, దాచుకున్న ముద్దులన్నీ వాడికే ఖర్చు పెట్టేదాన్ని. వాడు నా చీరలు తడిపినన్ని సార్లు వాళ్లమ్మ చీరలు తడిపి ఉండడు.

మా ఇళ్లలో ఆడపిల్లలకు వంటతోపాటు ఇంకో విద్య నేర్పేవారు. ఆదాము చేసిన పాపాన్ని ప్రతి మనిషీ పుట్టుకతోనే వెంట తెచ్చుకుంటాడనీ, నీళ్లతో ఆ జన్మపాపం కడగందే పరలోకం తలుపు తెరుచుకోదనీ మాకు చెప్పిన పాఠం. బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఫాదరుగారు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. అందుకని మా నానమ్మ మాచేత సొరకాయ మీద సాధన చేయించేది. నీళ్లు నెత్తి మీద పారాలి, పారుతుండగానే 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున' అనే మాటలు పలకాలి, వెనకాముందూ అయితే చెల్లదు. అక్కచెల్లెళ్లం నలుగురం ఒక్కో సొరకాయకు నాలుగేసి సార్లు జ్ఞానస్నానం ఇచ్చి, మధ్యాహ్నం దాన్నే పులుసు పెట్టుకుని తినేవాళ్లం. దానికి జన్మపాపం ఏమైనా ఉంటే మా కడుపుల్లోకే పోయి ఉంటుంది.

నాకు తెలిసింది పదిమందికీ చెప్పకపోతే అన్నం సయించని రోజులవి. ఒకరోజు అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఈ సంగతంతా ఇంటి కోడలికి చెప్పాను. పక్కనే పత్తి గింజలు తీస్తున్న వాళ్లత్త చెయ్యి ఆపేసింది.

"ఏందీ, పండ్లు గూడ రాని పోరడు పాపం జేసిండా? ఎవని పాలు గుంజుకున్నడు? పసిపోరలంటే దేవుడేనమ్మా."

"వాడు చెయ్యలేదత్తా. మొదటి మనిషి చేశాడు, అది అందరికీ సంక్రమించింది."

"గా మొదటోన్ని వట్టుకొని తన్నుమను మీ దేవున్ని. నా మనుమని జోలికెందుకు?"

కోడలు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. "మరి మొన్న వాడికి జలుబు చేస్తే, ఏ జన్మలో చేసుకున్న పాపమో అన్నది ఎవరు?" అని అడిగాను. అత్త మళ్లీ పత్తి చేతికందుకుని, "అది మాటవరసకన్న" అంది. ఆ పూట గెలుపు నాదేననుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఎండాకాలం వచ్చింది. పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకే కళ్లు లోతుకుపోయాయి, ఏడ్చే ఓపిక కూడా లేదు. తండ్రి హకీమును తీసుకురావడానికి పట్నం పోయాడు. అత్త పోచమ్మ గుడికి పోయింది. మిట్టమధ్యాహ్నం కోడలు వాడిని నా ఒళ్లో పెట్టి, జావ కాయడానికి లోపలికి వెళ్లింది.

వాడు కళ్లు తేలేశాడు. వీడు ఇలాగే పోతే తలుపు బయటే నిలబడిపోతాడా అన్న ఒక్క ఆలోచన తప్ప నాకింకేమీ తోచలేదు. పక్కనున్న చెంబు అందుకుని, నెత్తి మీద నీళ్లు పారిస్తూ మాటలు పలికాను. నానమ్మ నేర్పింది నేర్పినట్టే వచ్చింది.

కోడలు జావతో వచ్చి, "నెత్తి తడిసిందేందక్కా?" అంది.

"ఒళ్లు కాలుతుంటే తడిగుడ్డ వేశాను" అన్నాను. అబద్ధం గడగడా వచ్చేసింది.

మూడో రోజుకు వాడు పాలు తాగాడు. ఇక చూడండి సంబరం. తన పొడులు పనిచేశాయని హకీము మీసం దువ్వుకున్నాడు. పోచమ్మ కాచిందని అత్త బోనం ఎత్తింది. నేను మాత్రం నోరు కుట్టుకుని కూర్చున్నాను. నాకసలే కడుపులో మాట దాగదు. పైగా వారం రోజులు ఇంటికి వచ్చినవాళ్లందరికీ పోచమ్మ కథ వినపడుతుంటే అసూయ కూడా పుట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం కోడలు కూడా అమ్మవారి మహిమే అంటుంటే ఆగలేక, "నా నీళ్లు కూడా ఉన్నాయిలే" అని మొత్తం కక్కేశాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒళ్లోని కొడుకును గుండెకు అదుముకుని అడిగింది: "అంటే ఇన్ని దినాలు ఎత్తుకున్నప్పుడల్లా పాపిని ఎత్తుకుంటున్న అనుకున్నవా?"

ఆమె లేచి లోపలికి పోయింది.

ఎనిమిది రోజులు వాడిని నా దగ్గరికి రానివ్వలేదు. గోడ అవతల వాడు ఏడుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు. అత్తతో చెప్పలేదని మాత్రం తెలుస్తూనే ఉంది, చెప్పి ఉంటే మా సామాను వీధిలో ఉండేది. నేను చేసింది తప్పని ఒప్పుకోవడానికి నా పొగరు నాలుగు రోజులు తీసుకుంది. మిగిలిన నాలుగు రోజులూ ఆమె మొహం చూసే ధైర్యం లేక గడిచిపోయాయి.

తొమ్మిదో రోజు పొద్దున్నే నేనే వాళ్ల గడప దగ్గరికి పోయి నిలబడ్డాను. "నీకు చెప్పకుండా చేశాను. పైగా అబద్ధమాడాను. తప్పే" అన్నాను. "కానీ వాడిని ఎత్తుకున్నప్పుడు పాపి అని ఒక్కనాడూ అనిపించలేదు చెల్లెమ్మా. ఒట్టు."

"మరెందుకు పోసినవ్?"

"భయమేసింది."

ఆమె కళ్లు తుడుచుకుని, కొడుకును తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నాకు గాలేదా భయం?" అంది. "జర నన్ను పిలిస్తే ఏం బోయె అక్కా? ఇద్దరం గలిసి పోస్తుంటిమి గద."