వెలుగుదారి మీద ఆగిన మేళం

మా ముత్తాత వెంకటరమణప్ప, తాత నరసింహప్ప పెనుకొండ దగ్గర మా ఊరికి మునసబులు. తాత వీధిలో ఎదురైతే, పెళ్లి ఊరేగింపైనా సరే, మేళం ఆపి పక్కకు తప్పుకునేవారు. మా ఇంట్లో ఆ మాట గర్వంగా చెప్పేవారు. నేనూ గర్వంగానే విన్నాను. దయ్యాల కథలు మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు.

ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాను. పెళ్లి మండపాలకు వెలుగుదారి వేస్తాను. తివాచీ కింద సెన్సర్లు ఉంటాయి. అడుగు పడినచోట లైటు వెలిగి, సన్నాయి స్వరం ఒకటి మోగుతుంది. నలుగురు నడిస్తే పాటలా వినిపిస్తుంది. కోడ్ రాసింది నేనే. సెన్సర్లకు బరువు తెలుస్తుంది, మనిషెవరో తెలియదు.

పని దగ్గర మా వంశం సంగతి ఎత్తను. మునసబు మనవడు పెళ్లిళ్లకు లైట్లు వేస్తున్నాడని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

నిరుడు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఒకాయన కూతురి పెళ్లికి పిలిచారు. ముందురోజు మధ్యాహ్నం దారి పరిచి, పిల్లల్ని నడిపించి చూశాను. బాగా మోగింది. వాళ్లు ఇంకా గెంతుతుండగానే నేనూ ఒక చివర కాలు పెట్టాను.

దారంతా ఆరిపోయింది. స్వరం ఆగింది.

దిగితే మోగింది. ఎక్కితే ఆగింది. చెప్పులు విప్పి చూశాను, అయినా అంతే. నాకంటే లావైన వ్యాపారి నడిస్తే మోగింది.

"ఏమప్పా, నీ మిషను నీకే భయపడతాండాదే!" అని ఆయన పగలబడి నవ్వాడు.

కుర్చీలో కూర్చున్న వాళ్లమ్మ నవ్వలేదు. నా ముఖం పరీక్షగా చూసింది.

"మీది యా ఊరప్పా?"

హిందూపురమన్నాను.

"దానికి ముందు?"

అబద్ధం నోటికి రాలేదు. ఊరు, తాత పేరు చెప్పాను.

ఆ ముసలామె కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. కొంగు భుజాన కప్పుకుని గోడవైపు తప్పుకుని నిలబడింది.

"ఏందిమా, కూచో," అన్నాడు కొడుకు.

"నా పెండ్లి మేళం గూడా మునసబయ్య ముందర ఇట్లే ఆగిపాయ నాయనా," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

కూర్చోమని నేను చెప్పాలి. అందరూ నన్నే చూస్తున్నారు. వైర్లు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

పెళ్లినాడు దారి చక్కగా మోగిందని విన్నాను. నేను మండపం బయటే నిలబడ్డాను. ఇంటికి తెచ్చాక బోర్డు, కోడ్, అతుకులు అన్నీ చూశాను. ఎక్కడా లోపం లేదు. ఇంట్లో పరిచి నడిస్తే నా కాలి కింద కూడా మోగింది. ఆమె ముందు ఎందుకు ఆగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ వెలుగుదారిని కదిరిలో డీజే నడిపే ఒకతనికి అమ్మేశాను.