పేలకపోతే కూరినవాడిదే

పోయిన నెల మా అక్క ఫోను చేసింది. అక్క అంటే మా పెదనాన్న కూతురు. గృహప్రవేశానికి పిలవలేదు, మనవడి పెళ్లికి కార్డు పోస్టులో వేశామన్నారు గాని అది నాకు ఈ రోజుకీ అందలేదు, అలాంటిది పొద్దున్నే ఫోను చేసి బాగున్నావా అని అడిగిందంటే ఏదో పని పడి ఉంటుందని అనుకున్నాను, పడింది. ఇంట్లో ఉన్న పాత తుపాకీ లైసెన్సు ఇక పొడిగించుకోవద్దని వాళ్ల పిల్లలు నిర్ణయించారట. పోలీసు స్టేషన్లో అప్పగించేస్తున్నారట. "మీ బావ నిన్నొకసారి రమ్మంటున్నాడురా, అది ఇంట్లోంచి పోయేలోపు" అంది. వెళ్లకూడదనే అనుకున్నాను. మూడో రోజు ఖమ్మంలో కొత్తగూడెం బస్సెక్కి కూర్చున్నాను.

వైరా, తల్లాడ దాటి జూలూరుపాడు వైపు వెళుతుంటే దారికి రెండు పక్కలా మొక్కజొన్న నిలువెత్తు ఉంది. ఒక చేలో పందులు రాకుండా కర్రకు స్పీకరు కట్టి, అందులోంచి కుక్కల అరుపులు, మనుషుల అదిలింపులు వదులుతున్నారు. మనిషి జాడ లేని చేలో ఆ గొంతులు వింటుంటే నాకు మా జొన్నచేను, అంచున మంచె, మంచె మీద ఆ తుపాకీ, దాంతోపాటు నా మీద పడిన మాట అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాయి.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, అడవి అంచు ఊళ్లలో ఆ రోజుల్లో పంటల కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చిన తుపాకులు ఊరికి ఒకటో రెండో ఉండేవి. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొదలు కొట్టి చేను చేసుకున్నప్పుడు సంపాదించిన తుపాకీ తాత తర్వాత పెదనాన్న పేరు మీదికి వచ్చింది. దాన్ని మా వైపు భర్మారు అనేవారు. ఇప్పటి తుపాకుల్లా తోటా పెట్టి కాల్చేది కాదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసపు గుండు వేసి, ఇనుప చువ్వతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ తొడిగితే, పైనుంచి సుత్తి పడి ఆ టోపీ నిప్పు రాల్చి లోపలి మందును అంటించాలి. ఒక్క దెబ్బకు అంత తతంగం. కాబట్టి మా ఇంట్లో కాల్చడం కంటే కూరడమే పెద్ద విద్య.

ఆ విద్య పెదనాన్న ఎవరికీ ఇవ్వలేదు. ఎద్దుకొమ్ముతో చేసిన మందుపాత్ర ఆయన మంచం తల దగ్గర మేకుకు వేలాడుతుండేది. దాన్ని ముట్టుకుంటే పెద్దమ్మకైనా మాట పడేది. ఆయన మందు చూడడం పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టే ఉండేది. చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపేవాడు. చెయ్యి నల్లబడిందా, తేమ పట్టిందని పక్కన పెట్టేసేవాడు. పిండిలా ఉన్న మందు తొందరపాటు మనిషి లాంటిదని, భళ్లున మండి గొట్టాన్ని తంతుందే తప్ప గుండును తిన్నగా తోయదని, మా పొడుగు గొట్టానికి కాస్త నూకలా ఉన్నదే నప్పుతుందని చెప్పేవాడు. గుండ్ల సంగతి ఇంకో భాగోతం. భద్రాచలం వెళ్లినప్పుడల్లా దర్శనం అయ్యాక గోదావరి ఒడ్డున వలలు అమ్మేవాళ్ల దగ్గర వల అంచుకు కట్టే సీసం గుండ్లు కొనుక్కొచ్చి, కరిగించి, అచ్చులో పోసి, ఆరాక ఒక్కొక్కదాన్ని ఇత్తడి పళ్లెంలో దొర్లించి చూసేవాడు. తిన్నగా దొర్లింది పందికి. వంకరపోయిందంటే లోపల గాలి బుడగ ఉన్నట్టే, అది మళ్లీ మూకుట్లోకి. కుందేళ్లకు, పిట్టలకు వాడే సన్న రవ్వలు పందికి వేస్తే దాన్ని రెచ్చగొట్టి పంపడమే అవుతుందని, అంతకంటే కాల్చకపోవడం మేలనీ అనేవాడు.

ఇంకో కట్టుబాటు ఉండేది. మంచె మీద కాల్చేవాడు ఒకడు, ఇంట్లో కూరేవాడు ఒకడు కాబట్టి, దెబ్బ వృథా అయితే తప్పెవరిదన్న గొడవ రాకుండా తాతే ఒక మాట పెట్టాడట: గురి తప్పితే కాల్చినవాడిది, పేలకపోతే కూరినవాడిది. ఊళ్లో పంచాయితీలకు కూడా ఈ మాట పనికొచ్చేది. కూర చల్లారితే వండినవాళ్లదా, ఆలస్యంగా వచ్చినవాళ్లదా అని కూడా మా ఇంట్లో దీంతోనే తేల్చేవారు.

నాకు ఇరవై దాటాయి. నాన్న లేడు, పెదనాన్న పెంపకమే. ఆ ఇంటి మగపిల్లవాణ్ణి నేనొక్కణ్ణే కనుక కొమ్ము ఏదో ఒకనాడు నా చేతికే వస్తుందనుకునేవాణ్ణి. అంతలో అక్కకు పెళ్లయింది. వేంసూరు నుంచి వచ్చిన బావ ఇల్లరికం ఉండిపోయాడు. మాటకారి, తెల్లటి చొక్కా, జేబులో ఎప్పుడూ సిగరెట్ పెట్టె. వచ్చిన ఆర్నెల్లకే మా పాలేరు దగ్గర్నుంచి పెద్దమ్మ దాకా అందరూ ఆయన చుట్టూ తిరిగారు. నాకు వడ్డించే పెరుగు గిన్నె ఆయన వైపు జరగడం నేను గమనించలేదనుకున్నారు.

వానలు వెనకపట్టిన రోజులు. జొన్న పాలుపోసుకుంటోంది. ఒక ముసలి పంది, కోరలు బయటికొచ్చిన ఒంటరిది, రోజూ పొద్దు వాలేసరికి దిగి చాళ్లకు చాళ్లు తొక్కి పోతోంది. పెదనాన్నకు ఆ వారం జ్వరం. మంచం మీద నుంచే మేకు వైపు చూసి, నా వైపు చూసి, "తియ్యరా" అన్నాడు. కొమ్ము దించి తెచ్చాను. "ఇవాళ నువ్వు కూరు. మీ బావ కాలుస్తాడు" అన్నాడు.

ఇంట్లో రెండు డబ్బాల మందు ఉంది. ఒకటి ఖమ్మంలో లైసెన్సు దుకాణంలో కొన్నది. రెండోది ఎవరో తెచ్చి ఇచ్చిన నాటుది, నల్లగా నిగనిగలాడుతూ మహా జోరుగా కనిపించేది. బావ నాటుదే వేయమన్నాడు, "దెబ్బ అదిరిపోవాలి కదా" అని. నేను రెండూ నలిపి చూశాను. నాటుది వేలికి అంటుకుంది. దుకాణానిది పొడిగా జారిపోయింది. దుకాణానిదే తీశాను. పళ్లెంలో గుండ్లు ఒక్కొక్కటే దొర్లించి, తామరాకు మీద నీటిబొట్టులా తిన్నగా పోయినదాన్ని ఏరాను. ఇదంతా పెదనాన్న పక్కకు ఒత్తిగిలి చూస్తూనే ఉన్నాడు. ఒక్క సలహా ఇవ్వలేదు. చివరికి గుండు ఆయన అరచేతిలో పెడితే బరువు చూసి "ఊఁ" అన్నాడు. జీవితంలో నేను చాలా పరీక్షలు రాశాను, ఇంకే ఫలితమూ ఆ "ఊఁ" అంత తీపిగా అనిపించలేదు.

మధ్యాహ్నం నుంచి తుంపర పడుతోంది. అందుకని టోపీ తొడిగే చోట మైనపు గుడ్డ చుట్టి, మూతికి ఇంకోటి కట్టి, కాల్చే ముందు మాత్రమే విప్పమని బావకు చెప్పి మరీ ఇచ్చాను. మంచె మీద బావ, కింద నేను, పాలేరు. పొద్దు కూకుతుండగా పంది వచ్చింది. బావ గురి చూశాడు. సుత్తి పడింది, టోపీ చిటుక్కుమంది, అంతే. అందరం ఊపిరి బిగబట్టి ఉండగా గొట్టంలోంచి "తుస్సు"మని చప్పుడు, కాస్త పొగ, నేను అంత ముచ్చటగా ఏరిన గుండు మంచె ముందే గడ్డిలో దొర్లిపడింది. పంది తలెత్తి చూసి, ఏ తొందరా లేకుండా వెళ్లిపోయింది.

"పంది నవ్వుకుంట పోయింది చిన్నయ్యా" అన్నాడు పాలేరు. "ఏం మందు పెట్టినవ్, పసుపా?"

బావ మంచె దిగుతూ సిగరెట్ తీశాడు. ఆ పెట్టెకు, అగ్గిపెట్టెకు కలిపి తడవకుండా చుట్టి ఉన్నది నా మైనపు గుడ్డ. నా కళ్లారా చూశాను. తుంపరలో తన సిగరెట్లు తడుస్తాయని టోపీ దగ్గరి గుడ్డ ముందే విప్పి చుట్టుకున్నాడన్నమాట, అక్కణ్ణుంచే లోపలి మందుకు తేమ పట్టింది. ఇంటికొచ్చి పెదనాన్నకు చెప్పాను. బావ అక్కడే ఉన్నాడు, "నీ గుడ్డ ఎప్పుడు జారిపోయిందో నాకేం తెలుసురా" అన్నాడు. పెదనాన్న నా మాట నమ్మాడనే ఇప్పటికీ నా అనుమానం. కాని కూతురి మొగుణ్ణి నలుగురిలో ఎలా అంటాడు? "పేలకపోతే కూరినవాడిదే" అని గోడ వైపు తిరిగాడు.

అక్కడితో పోయినా బాగుండేది. వారం తిరక్కుండానే అదే పంది చాళ్లలో పాలేరుకు ఎదురుపడి పిక్క చీల్చింది. బండి కట్టుకుని కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయారు. బతికాడు గాని కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. నన్ను ఊరంతా తుస్సు అని పిలిచారు, అది నేను పట్టించుకుంటే పట్టించుకున్నాను, లేకపోతే లేదు. కాని పాలేరు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. నేను ఎదురొస్తే కాలు ఈడ్చకుండా నడవడానికి చూసేవాడు. అది మాత్రం నేను భరించలేకపోయాను. గుడ్డ సంగతి ఆయనకు చెబుదామని రెండు మూడుసార్లు వెళ్లి, సాకు చెప్పుకుంటున్నాననుకుంటాడని తిరిగొచ్చాను. ఆయన అలాగే పోయాడు. కొమ్ము మళ్లీ నా చేతికి రాలేదు, లైసెన్సు బావ పేరు మీదికి మారింది, నేను ఖమ్మంలో ఉద్యోగం వెతుక్కున్నాను.

ఇవన్నీ మోసుకుని ఆ ఇంటి గడప తొక్కాను. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో బావ, సగమైపోయాడు, ఒళ్లో పరిచిన పేపరు మీద తుపాకీ. నన్ను గుర్తుపట్టాడు, చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు. అక్క మంచినీళ్లు తెచ్చింది. ఆయన గొట్టాన్ని నిమురుతూ, "దీన్ని చూస్తే పాలేరే గుర్తొస్తాడురా. నేను కూరిన మందు ఆ రోజు పేలి ఉంటే వాడి కాలు పోయేది కాదు" అన్నాడు. కళ్లలో నీళ్లు.

నేను సరిగా విన్నానా అని అక్క వైపు చూశాను. "ఈ మధ్య ఇదే చెబుతున్నాడురా, వచ్చినవాళ్లందరికీ" అంది.

ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అదే. తప్పు నాది కాదని ఆ ఇంటి వసారాలో, ఆయన నోటితో. ఊరుకుంటే సరిపోయేది. నాకు ఊరుకోవడం చాతకాదు.

"కూరింది నువ్వు కాదు బావా, నేను" అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశాడు. "నువ్వా? నీ చేతికి ఎప్పుడిచ్చాడురా మావయ్య? కొమ్ము ముట్టుకోనిచ్చేవాడా నిన్ను?"

"ఇచ్చాడు. జ్వరంతో పడుకుని ఇచ్చాడు. దుకాణం మందు నేనే తీశాను. నాటుది వెయ్యమన్నావు, నేను వెయ్యలేదు. గుడ్డ నువ్వు విప్పావు."

"ఏం గుడ్డ?" అన్నాడు. నటన కాదు. మొహంలో ఎక్కడా ఏమీ లేదు.

అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "ఆయనే మీదేసుకుంటున్నాడు కదరా. ఇంక నీకేంది బాధ?"

నా బాధ ఏమిటో అక్కకు ఎలా చెప్పను? బావ చెబుతున్న కథలో నా మీద నింద లేదు, నిజమే. నేనే లేను. పెదనాన్న నన్ను నమ్మి కొమ్ము దించమన్న మధ్యాహ్నం అందులో లేదు, ఆ "ఊఁ" లేదు. నిర్దోషినని ఒప్పుకోవాలంటే, ఆ ఇంట్లో నాకు దక్కిన ఒకే ఒక్క రోజును వదులుకోవాలి. వదులుకోను. అక్క వద్దంటున్నా మళ్లీ చెప్పాను, నిదానంగా, గట్టిగా: కూరింది నేనే, పేలలేదు, మా ఇంటి లెక్కలో అది నాదే. బావ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, తన తప్పును నేను లాక్కుంటున్నట్టు. ఇద్దరు ముసలివాళ్లం ఆ తుస్సు నాదంటే నాదని అంతసేపు వాదించుకున్నాం. కోడలు కాఫీ పెట్టి, ఏమనాలో తెలియక లోపలికి పోయింది.

సాయంత్రం వాళ్ల అబ్బాయి తుపాకీని గోనెసంచిలో చుట్టి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. నేను బస్సెక్కాను. అడవి అప్పటికంటే చాలా వెనక్కి జరిగింది, పందులు మాత్రం జరగలేదు. వాటిని ఎవరు పడితే వాళ్లు కాల్చడానికి ఇప్పుడు చట్టం ఒప్పదు, ఒప్పకపోవడమే మంచిదేమో, నేనేమీ అనను. చేల చుట్టూ కరెంటు తీగలు వచ్చాయి, స్పీకర్లు వచ్చాయి, అవి పనిచేయకపోతే కంపెనీని తిట్టుకుంటున్నారు, ఆ కంపెనీ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. మా రోజుల్లో పేలకపోతే ఎవరిదో తెలిసేది. అన్యాయంగానే కావచ్చు, ఒక మనిషి మీద పడేది. ఆ మనిషి దాన్ని యాభై ఏళ్లు మోసేవాడు. మోస్తున్నాడంటే, ఒకప్పుడు అతని చేతికి ఎవరో ఒక పని అప్పగించారనే కదా.