నల్లకారూ, మూడు పూలపొట్లాలూ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, తిరువళ్లూరులో ఇంటి ముందు కారుందంటే ఆ ఇంటికి ఎంత మర్యాదో! అయితే ఆ మర్యాద కారు కదలనంత సేపే. మా తాత కొన్న నల్లకారు బయల్దేరిందంటే వీధి వీధంతా నవ్వేది. ఒక తలుపు కొబ్బరితాడుతో కట్టి ఉండేది. కాళ్ల దగ్గర రేకు తుప్పుపట్టి ఊడిపోవడంతో కూర్చున్నచోటి నుంచే రోడ్డు కనిపించేది (తిరుత్తణి దారిలో ఎన్ని గుంతలున్నాయో నాకు అలాగే తెలుసు). తిరుత్తణి గుడి కొండెక్కేటప్పుడు కావళ్లు మోసుకుని నడిచే భక్తులు మమ్మల్ని దాటిపోతూ జాలిగా చూసేవాళ్లు.

ఆ డొక్కును ఏంచేయాలన్న దాని మీద మా ఇంట్లో మూడు పార్టీలు. "ఇంజన్ విప్పి బాగుజేస్తే ఇంకా పదేండ్లు తిరుగుతాది. ఆ కాలం ఇనుము ఇప్పుడు యాడ దొరుకుతాది?" అనేవాడు నాయన. మా జవుళి అంగట్లో చినిగిన పీలికను కూడా మడిచి దాచే ఆయనకు దేన్నీ పారేయడం చేతకాదు. "బాగుజేసేదెందుకు బావా? తిరుత్తణిలో టాక్సీవాళ్లకు నెల బాడుక్కిచ్చేద్దాం. ఆడికృత్తిక పండక్కి జనం ఎగబడతారు, బండి యెట్లుంటే యేమి?" అనేది మా మేనమామ వాదం. మా ఇంట్లోనే ఉంటూ, జీవితంలో ఒక్కరోజూ పనిచేయని మామకు కారు చేత పనిచేయించాలని మహా ఉబలాటం. ఇక నేను, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇరవైమూడేళ్ల మేధావిని, దాన్ని తూకానికి అమ్మి వేరేది కొనాల్సిందేనన్నాను. నా తొందరకు కారణముంది. పైనెలలో ఆర్.కె.పేటలో పెళ్లిచూపులు. అమ్మాయి అన్న మా ఆఫీసులోనే పనిచేసేవాడు. "మీకు కారుందంట గదా?" అని అతనడిగితే, "ఉంది, కొత్తది" అని కోతలు కోశాను. ఆ నల్లకారులోంచి దిగితే సంబంధం మాట అటుంచి, మర్నాడు ఆఫీసులో తలెత్తుకోలేను.

ఈ గోల భరించలేక మా అవ్వ, అంటే నాయన తల్లి, "మీరు కొట్లాడింది సాలు. స్వామినే అడుగుదాం" అంది. మా వైపు పూలుపెట్టి అడగడం అలవాటు. బాగుచేయడానికి ఎర్రగన్నేరు, బాడుగకు పచ్చచామంతి, కొత్తకారుకు మల్లె. ఒక్కోరకం ఒక్కో అరిటాకు ముక్కలో పొట్లం కట్టి తిరుత్తణి స్వామి పటం ముందు పెట్టి, కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. ఏ పువ్వొస్తే అదే తీర్పు. పొట్లాలు కట్టే పని నాకు అప్పజెప్పారు (చదువుకున్నవాడు మోసం చేయడని పాపం వాళ్ల నమ్మకం). మూడింట్లోనూ మల్లెపూలే పెట్టి, పటం ముందుంచాను. దేవుడికి సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

అవ్వ స్నానం చేసి వచ్చేలోగా దండం పెట్టుకుంటానని మామ పూజగదిలోకి వెళ్లొచ్చాడు. ఆ తర్వాత నాయన వెళ్లొచ్చాడు. ఇద్దరికీ ఒక్కసారే అంత భక్తి ఎందుకు పుట్టిందా అని ఆలోచించే తెలివి నాకు లేదు. అవ్వ కళ్లు మూసుకుని ఒక పొట్లం తీసి విప్పింది. ఎర్రగన్నేరు! నేను కట్టనే కట్టని పువ్వు. నోరు తెరిస్తే నా బండారం బయటపడుతుంది. మామ వైపు చూస్తే ఆయన ముఖం నాకంటే ఎక్కువ పాలిపోయి ఉంది. నాయన మాత్రం "స్వామి మాట మీరగలమా" అని చెంపలేసుకున్నాడు. అవ్వకు ఏం అనుమానమొచ్చిందో, మిగిలిన రెండూ విప్పింది. గన్నేరు, మళ్లీ గన్నేరు. మెల్లగా లేచి పటం వెనక చెయ్యి పెట్టింది. మూడు మల్లె పొట్లాలు, మూడు చామంతి పొట్లాలు బయటికొచ్చాయి. నావి తీసి మామ తనవి పెట్టాడు. మామవి తీసి నాయన తనవి పెట్టాడు. అప్పటికే అక్కడున్న నా పొట్లాలు చూసి కూడా వాటిని పక్కకు జరిపి మామవి దాచాడన్నమాట, రోజూ మాకు సత్యం గురించి పాఠం చెప్పే పెద్దమనిషి!

"కారొకటే సెడిపొయ్యిందనుకుంటి," అంది అవ్వ. "దాన్నెవురూ ముట్టొద్దు. ఆర్.కె.పేటకు అందరం బస్సులోనే పోదాం."

పెళ్లిచూపుల రోజు అమ్మాయి అన్న వీధి చివర కొత్తకారు కోసం కాచుకుని ఉన్నాడు. మేం టౌన్‌బస్సు దిగి, నలిగిన అరటిపళ్ల తట్టతో నడిచొచ్చాం. "కారు యాడ?" అన్నాడు. "రిపేరు" అన్నాను. "కొత్తదానికి రిపేరా?" అన్నాడు. వాళ్లింటికి చేరగానే అవ్వ వసారాలో చతికిలబడి పొట్లాల కథంతా పువ్వు వదలకుండా చెప్పేసింది. సంబంధం పోయిందనుకున్నాను. అప్పుడు తలుపు వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్విన మనిషే నన్ను ఒప్పుకుంది.

నల్లకారు సంగతి మేం ముగ్గురం ఏనాడూ తేల్చలేదు. వెనకసీటులో కోళ్లు గుడ్లు పెట్టేదాకా అది షెడ్డులోనే ఉంది. నాయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా కారుకు పద్దెనిమిదేళ్లు. మార్చేయమని మొన్న కొడుకు పట్టుబడితే, "ఇంజన్ విప్పి బాగుజేస్తే ఇంకా పదేండ్లు తిరుగుతాది" అన్నాను. అన్నాక గానీ అది నాయన మాటని తట్టలేదు. మా ఆవిడ పెరట్లోకి వెళ్లి దోసెడు గన్నేరుపూలు తెచ్చి నా ముందు పోసింది.

"కట్టండి పొట్లాలు," అంది. "ఈసారి పటం యెనక నేను కూర్చోనుంటా."